ఏడో బల్ల దగ్గర రభస

కోవిడ్ రావడానికి ముందు ఏడాది, జూన్ ఆఖరి ఆదివారం మధ్యాహ్నం, పెన్సిల్వేనియా కొండల్లోని ఒక చిన్న కాలేజీ క్యాంపస్‌లో టీచింగ్ అసిస్టెంట్‌గా డ్యూటీలో చేరాను. కాలేజీ పిల్లలు సెలవులకు వెళ్లిపోయాక ఖాళీగా ఉండే ఆ భవనాలను అద్దెకు తీసుకుని, ఒక యూదు సంస్థ పదిహేను నుంచి పదిహేడేళ్ల పిల్లలకు నాలుగు వారాల సమ్మర్ ప్రోగ్రాం నడిపేది. పొద్దున మూడు గంటలు వాళ్ల పాత ధర్మశాస్త్రం పాఠం. మధ్యాహ్నం ఈత, వాలీబాల్, నాటకాలు. పిల్లలు ఇరవై నలుగురు, టీచర్లు ఇద్దరు, టీచింగ్ అసిస్టెంట్ ఒకడు. ఆ ఒకడు ఏలూరు నుంచి వచ్చిన హిందువు. తొమ్మిదో తరగతి ఫెయిల్ కూడా కాలేదు, పరీక్ష దాకా వెళితే కదా.

ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది. నేను తొమ్మిదిలో ఉండగా మా మేనమామ కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపు పెట్టి, ఒక్క నెల సాయం చేసిపొమ్మన్నాడు. ఆ నెల మూడు నెలలు సాగింది. తిరిగి బడికి వెళ్లేసరికి హాజరు పట్టీలో నా పేరు మీద ఎర్ర సిరాతో అడ్డగీత పడి ఉంది. నేను చదువు మానేశానన్న విషయం నాకంటే ముందు మా బడికి తెలిసింది. సరే, వాళ్లే నిర్ణయించేశాక నేనెందుకు కాదనాలని షాపుకు వెనక్కి వెళ్లిపోయాను.

తర్వాత చాలా ఏళ్లకు నా భార్య తమ్ముడు రవి, న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సిటిజన్ అయ్యాక తన అక్కని అమెరికా రప్పించడానికి పిటిషన్ వేశాడు. అక్కతో పాటు బావ కూడా వస్తాడని అతను మొదట్లో అంత పట్టించుకోలేదనుకుంటా. అతనుండే ఊరు పిస్కాటవేలో దిగాను. నలభై ఏళ్ల వయసులో హైస్కూల్ పాసైనట్టు లెక్కకట్టే పరీక్ష రాసి, ఒక మిడిల్ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్‌గా చేరి, ఇరవై రెండేళ్లు చేసి, పోయిన ఏడాది రిటైర్ అయ్యాను. బడి నన్ను ఒకసారి వదిలించుకుంది. నేను దాన్ని అంత తేలిగ్గా వదల్లేదు.

మా వృత్తి గురించి తెలియనివాళ్లకు నాలుగు మాటలు. బడిలో పై నుంచి కిందికి ప్రిన్సిపాల్, టీచర్, ఆ తర్వాత మేము ఉంటాం. మా తర్వాత కుర్చీలు. పాఠం చెప్పడం మా పని కాదు. హాజరు తీయడం, కాగితాలు కాపీ తీసి పంచడం, చదవడంలోనో రాయడంలోనో ఇబ్బంది ఉన్న పిల్లల పక్కన కూర్చోవడం, వారానికోసారి అబ్జర్వేషన్ షీట్ నింపడం మా పని. ఆ షీట్‌లో కంటికి కనిపించింది, చెవికి వినిపించింది మాత్రమే రాయాలి. ‘పిల్లవాడు బద్ధకస్తుడు’ అని రాయకూడదు. ‘పావుగంటలో పెన్సిల్ మూడుసార్లు చెక్కాడు’ అని రాయాలి. అన్నింటికంటే పెద్ద రూల్ ఒకటుంది. పిల్లల కాగితం మీద మన పెన్సిల్ ఆనకూడదు. వాళ్ల పని మనం చేసిపెట్టామన్న అనుమానం కూడా రాకూడదు.

నన్ను అక్కడికి తీసుకెళ్లింది డెబొరా. మా మిడిల్ స్కూల్లో ఆమె టీచరు, నేను ఆమె అసిస్టెంట్‌ని. ఆమె ప్రతి వేసవీ ఈ ప్రోగ్రాంలో పాఠం చెబుతుంది. ఆ ఏడాది అక్కడి అసిస్టెంట్ ఆఖరి నిమిషంలో మానుకుంటే నన్ను అడిగింది. మీ మతం నాకు తెలియదే అన్నాను. కాపీ మెషీన్‌కి మతం లేదంది. ఇంట్లో చెబితే రవి వెంటనే ఫోన్లో వెతికి, “బావా, అక్కడంతా కోషర్ కిచెన్, అంటే వాళ్ల మడి. మీట్ వేరు, డెయిరీ వేరు. నీ పెరుగన్నానికి ఢోకా లేదు, వెళ్లు” అని అప్రూవల్ ఇచ్చేశాడు.

మొదటి రోజే రెండు తప్పులు చేశాను. ఒకటి చిన్నది. పాఠం కాగితాలు కాపీ తీసి, ఇరవై నాలుగు సెట్లకూ జిరాక్స్ షాపు నేర్పిన పద్ధతిలో ఎడమ మూలన పిన్ను కొట్టాను. హీబ్రూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. వాళ్ల కాగితం కుడి మూలన పట్టుకుని తిప్పాలి. ఇరవై నాలుగు సెట్లూ పిన్నులు పీకి మళ్లీ కొట్టాను. అప్పుడే ఒక సెట్టు కిందపడి నా కాలు తగిలింది. అలవాటుగా వంగి తీసి కళ్లకద్దుకున్నాను. తల ఎత్తితే డెబొరా చూస్తోంది. వాళ్ల పిల్లలు పుస్తకం కిందపడితే తీసి ముద్దు పెట్టుకుంటారట. వాడేసిన పాఠం కాగితాలను కూడా చెత్తబుట్టలో వేయకూడదు, దేవుడి పేరు ఉన్నవి ఒక అట్టపెట్టెలో చేర్చి తర్వాత భూమిలో పాతిపెడతారని చెప్పింది. కాగితం విషయంలో నాకు కొత్తగా నేర్పాల్సిందేమీ లేదని ఆమెకు ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం గంట నిలిచింది. రెండో తప్పు పెద్దది.

వాళ్ల చదువు జంటలుగా నడుస్తుంది. ఒక బల్లకు ఇద్దరు. టీచరు పది నిమిషాలు చెప్పి తప్పుకుంటుంది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరికెదురుగా ఒకరు కూర్చుని, పాఠం పైకి చదివి, దాని అర్థం ఏమిటో ఒకరితో ఒకరు తేల్చుకోవాలి. నాలుగు వారాలూ అదే జంట. పన్నెండు జంటలు ఒకే హాల్లో ఒక్కసారిగా మొదలుపెట్టాయి. చేపల మార్కెట్టు నయం. ఏడో బల్ల దగ్గర ఒక అమ్మాయి బల్ల గుద్ది మరీ అరుస్తోంది. నాకు తెలిసిన క్లాసులో శబ్దం వస్తోందంటే పెద్దవాళ్లు పని చేయడం లేదని అర్థం. వేలు పెదవుల మీద పెట్టుకుని బల్ల బల్లకీ తిరిగాను. ‘ఇన్‌సైడ్ వాయిస్, ప్లీజ్’ అన్నాను. పిల్లలు వింతగా చూసి గొంతు తగ్గించారు. ఐదు నిమిషాల్లో హాలు నిశ్శబ్దమైంది. నేను చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను, మెచ్చుకుంటారేమోనని.

డెబొరా పరుగులాంటి నడకతో వచ్చి నన్ను కారిడార్‌లోకి తీసుకెళ్లింది.

“ఏం చేశావు?”

“కంట్రోల్ చేశాను.”

ఆమె హాలు తలుపు దగ్గరకు వేసింది. తర్వాత ఓపికగా చెప్పింది. ఈ హాల్లో ఏ బల్ల దగ్గరైనా మాటలు ఆగిపోయాయంటే రెండే కారణాలు. ఆ ఇద్దరూ అవసరం కంటే ముందే ఏకాభిప్రాయానికి వచ్చేశారు, లేదా వాళ్లలో ఒకరు వదిలేశారు. రెండూ చెడ్డవే. నీ పని తిరుగుతూ వినడం. రెండు నిమిషాలు నిశ్శబ్దంగా ఉన్న బల్ల కనిపిస్తే వచ్చి నాకు చెప్పు.

ఇరవై రెండేళ్ల సర్వీసులో అల్లరి చేయించమని నాకు ఆర్డర్ రావడం అదొక్కసారే.

ఏడో బల్ల అమ్మాయి పేరు టాలియా. పదహారేళ్లు. ఒహాయోలో చిన్న ఊరు, అక్కడి హైస్కూల్లో ఆమె తప్ప యూదు పిల్లలు లేరు. ఈ రకం వాదన చేయడానికి ఆమెకు ఏడాదిలో దొరికేది ఈ నాలుగు వారాలే. ఆమెకు డిస్లెక్సియా ఉంది కాబట్టి నా లిస్టులో ఉండేది. ఆమె కాగితం లేత పసుపు రంగు మీద, అక్షరాలు పెద్దవి చేసి విడిగా తీసేవాణ్ణి. చదవడం ఆమెకు నెమ్మది. ఆలోచన నెమ్మది కాదు. జంటగా ఉన్న రేచల్ గడగడా చదివేది, టాలియా వినగానే ‘ఆగు, అది కుదరదు’ అని మొదలుపెట్టేది. రేచల్ ఇంజిన్, టాలియా బ్రేకు. ఆ బండి బాగానే నడిచింది.

రెండో వారం సోమవారం వాలీబాల్ ఆడుతూ రేచల్ చీలమండ విరగ్గొట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది. ఇరవై ముగ్గురు మిగిలారు. టాలియాను మంగళవారం ఐదో బల్ల జంటతో కలిపి కూర్చోబెట్టారు. ఆ ఇద్దరూ మంచి పిల్లలే, కానీ వాళ్ల వేగం వాళ్లది. టాలియా ఒక వాక్యం పూర్తి చేసేలోపు వాళ్లు పేజీ తిప్పేవారు. ముగ్గురు కూర్చుంటే ఇద్దరు వాదిస్తారు, మూడోవాళ్లు ప్రేక్షకులు. నా షీట్‌లో మంగళవారం ‘టాలియా నాలుగుసార్లు మాట్లాడింది’ అని ఉంది. బుధవారం ‘ఒకసారి. నీళ్ల బాటిల్ అడిగింది’ అని ఉంది.

బుధవారం మధ్యాహ్నం ఆమె తల్లికి ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్లమంది. తల్లి ప్రోగ్రాం డైరెక్టర్ ఈథన్‌కి ఫోన్ చేసింది. ఈథన్ రబ్బీ, అంటే వాళ్ల మతగురువు. అక్కడ అందరినీ పేరు పెట్టి పిలవడమే పద్ధతి కాబట్టి పిల్లలు కూడా ఆయన్ని ఈథన్ అనే పిలిచేవారు. నన్ను రమణా అనేవారు. అంకుల్ అని పిలిపించుకోవడం అలవాటైన చెవులకు ఆ పిలుపు రెండు రోజులు గుచ్చుకుంది.

ఈథన్, డెబొరా, నేను స్టాఫ్ రూంలో కూర్చున్నాం. తల్లి ఆదివారం తెల్లవారుజామున బయల్దేరి ఎనిమిది గంటలు డ్రైవ్ చేసి వస్తానంది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బాత్, వాళ్ల విశ్రాంతి దినం. ఆ సమయంలో ఫోన్ ముట్టుకోరు, పెన్ను పట్టుకోరు. కాబట్టి రమ్మనాలో వద్దనాలో శుక్రవారం సాయంత్రంలోపే తేలాలి. టాలియా కిందటేడు తన ఊళ్లో ఇలాగే ఒక క్లాసు మధ్యలో వదిలేసిందనీ, ఇది కూడా వదిలేస్తే ఇక ఇలాంటివాటి జోలికే పోదనీ తల్లి భయం. అయినా పిల్ల ఏడుస్తుంటే వినలేక వస్తానంటోంది.

“గురు, శుక్రవారాలు రెండు రోజులున్నాయి. జంటగా ఎవరున్నారు?” అని ఈథన్ అడిగాడు.

డెబొరా నా వైపు చూసింది. నేను వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

నాకు హీబ్రూ రాదన్నాను. అనువాదం ఉందన్నాడు. నేను మీవాణ్ణి కాదన్నాను. ఆయన గడ్డం రుద్దుకుంటూ కాస్త ఆలోచించి, ఈ వారం పాఠం దారిలో దొరికిన వస్తువుల గురించి, అవి పోగొట్టుకోని జాతి ఏదైనా ఉంటే చెప్పమన్నాడు. తొమ్మిదో తరగతి మధ్యలో మానేశానన్నాను. విన్నట్టు తల ఊపి లేచాడు.

పాఠం ఇది. దారిలో నీకో వస్తువు దొరికింది. పోగొట్టుకున్నవాడు దానిమీద ఆశ వదులుకుని ఉంటే నువ్వు ఉంచుకోవచ్చు. వదులుకోకపోతే వాణ్ణి వెతికి ఇచ్చేయాలి. ఇంతవరకూ తగాదా లేదు. చిక్కల్లా పోగొట్టుకున్నవాడికి పోయిందని ఇంకా తెలియనప్పుడు. తెలిస్తే ఎలాగూ ఆశ వదులుకునేవాడే. మరి తెలియనంతసేపూ వదులుకున్నట్టా, వదులుకోనట్టా? దీనిమీద వాళ్ల పెద్దలు తరాల తరబడి వాదించుకున్నారట. మాకు రెండు రోజులు దొరికాయి.

గురువారం ఏడో బల్ల దగ్గర టాలియా ఎదురుగా కూర్చున్నాను. అనువాదం నేనే పైకి చదివాను. నా ఇంగ్లీషు కూడా ప్యాసింజర్ రైలే, ప్రతి స్టేషన్లో ఆగుతుంది. వేలు లైను కింద పెట్టుకుని చదివాను. ఆ వేగం ఆమెకు సరిపోయింది. రెండుచోట్ల నా ఉచ్చారణ దిద్దింది. బాగానే మొదలైందనుకున్నాను.

ఆమె అభిప్రాయం ఒకటి చెప్పింది. “గుడ్ పాయింట్” అన్నాను. ఇంకోటి చెప్పింది. “గుడ్ జాబ్” అన్నాను. మొదటిదానికి పూర్తిగా వ్యతిరేకంగా మూడోది చెప్పింది. “వెరీ గుడ్” అన్నాను.

ఆమె పెన్ను కింద పెట్టేసింది. ఇంగ్లీషులో నువ్వు, మీరు ఒకటే కాబట్టి, నా చెవికి ఎలా వినిపించిందో అలాగే రాస్తున్నాను.

“రమణా, నేను ఈ కాగితం నమిలి మింగినా నువ్వు గుడ్ జాబ్ అంటావు.”

“ఎంత మింగావన్నదాన్ని బట్టి.”

నవ్వలేదు. “రేచల్ గంటకు ఆరుసార్లు నన్ను తప్పనేది. ఏడోసారి సరే అంటే నిజంగా సరేనని నాకు తెలిసేది. నీ సరే ఏం చేసుకోను?”

ఆ తర్వాత పదకొండున్నర దాకా ఏడో బల్ల నిశ్శబ్దంగా ఉంది. రూలు ప్రకారం వెళ్లి డెబొరాకు రిపోర్ట్ చేయాల్సింది నేనే. చేశాను. నా బల్ల గురించి నేనే ఫిర్యాదు చేసుకోవడం అదే మొదలు.

లంచ్ టైంలో రవికి ఫోన్ చేశాను. సంగతంతా విని అతను నవ్వాపుకోలేక కారు పక్కకు ఆపానన్నాడు.

“బావా, నువ్వు ఒప్పేసుకున్నావా? నువ్వు? పోయిన దీపావళి పాట్‌లక్ విందులో పులిహోరలో ఇంగువ వేయాలా వద్దా అని నాతో రెండు గంటలు ఫైట్ చేశావు. చివరికి నేను వేయాలంటే నువ్వు సైడ్ మార్చి వద్దన్నావు.”

“అది ఇంట్లోరా. ఇది డ్యూటీ.”

“డ్యూటీలో ఉన్నావని ఆ పిల్లతో అబద్ధం ఆడతావా? నాతో మాట్లాడినట్టు మాట్లాడు. కాకపోతే ఆ పిల్ల నాకంటే తెలివైందిలా ఉంది, జాగ్రత్త.”

అతని మాటలో పస ఉందని ఒప్పుకోవడం నాకిష్టం లేదు కాబట్టి, సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను. కానీ ఆ మధ్యాహ్నం కాపీ మెషీన్ దగ్గర నిలబడి ఆలోచిస్తే లెక్క తేలింది. మా ట్రైనింగ్‌లో పిల్లలను ప్రోత్సహించాలని చెబుతారు. ఏళ్ల తరబడి ప్రోత్సహించి ప్రోత్సహించి, పిల్లలు చెప్పేది వినకుండానే మెచ్చుకునే స్థాయికి చేరుకున్నాను. నా మెడలోని ఐడీ కార్డుతో పాటు ‘గుడ్ జాబ్’ అని నవ్వు ముఖంతో ఉన్న రబ్బరు స్టాంపు ఒకటి వేలాడుతూ ఉండేది. ఆ రోజు దాన్ని తీసి బ్యాగులో వేశాను.

శుక్రవారం పొద్దున తొమ్మిదీ పదికి టాలియా తన వాదం మొదలుపెట్టింది. తెలిసిన వెంటనే ఆశ వదులుకునేవాడైతే, ఇప్పుడే వదులుకున్నట్టు లెక్క అంది.

“కాదు” అన్నాను.

తల ఎత్తింది. “ఎందుకు కాదు?”

“నేను గుడిలో దణ్ణం పెట్టుకుంటున్నాను. బయట నా చెప్పులు ఎవడో తొడుక్కుపోయాడు. నాకింకా తెలియదు. లోపల హాయిగా ఉన్నాను. నువ్వు చెప్పినట్టయితే ఆ చెప్పులు అప్పుడే వాడివైపోయాయి.”

“అది దొంగతనం. దొంగతనానికి వేరే చట్టం. ఎగ్జాంపుల్ చెల్లదు.”

“పాతవనుకో.”

“పాతవైనా దొంగతనమే, రమణా. నీకు ఇంతకంటే మంచి ఎగ్జాంపుల్ లేదా?”

ఉంది. మా ఇంటి పక్కవాళ్ల మామిడిచెట్టు కొమ్మ గోడ దాటి మా వైపు ఉండేది. పక్కింటాయన మధ్యాహ్నం నిద్రపోతుంటే పండు మా పెరట్లో రాలింది. ఆయనకు తెలియదు. పండు ఎవరిది? ఇది దొంగతనం కాదు, దానంతటదే రాలింది. టాలియా కళ్లు చిన్నవి చేసింది. మామిడిచెట్టు ఉన్నవాడికి పళ్లు రాలతాయని ముందే తెలుసు, గోడవతల రాలినవాటి మీద ఏనాడో ఆశ వదులుకుని ఉంటాడు, కాబట్టి హాయిగా తినేయొచ్చు అంది. నువ్వు మా పక్కింటాయన్ని చూడలేదు అన్నాను. ఆయన నిద్రలేచి లెక్క చూసుకునేదాకా పండు ఆయనదే. లేచాక, పోతే పోనీలే అనుకుంటాడో, గోడెక్కి అరుస్తాడో అది ఆయన ఇష్టం. ఆయన బదులు నేను ఆశ వదులుకోవడానికి నేనెవర్ని? “తినాలనుకున్నవాడివి” అంది. అక్కడ నేను బల్ల గుద్దాను. ఆమె ఇంకా గట్టిగా గుద్దింది. పదో బల్ల వాళ్లు కుర్చీలు మా వైపు తిప్పుకున్నారు. డెబొరా మా పక్కనుంచి రెండుసార్లు వెళ్లింది, ఆగలేదు. ఆ హాల్లో అంతకంటే పెద్ద సర్టిఫికెట్ లేదు.

శుక్రవారం షీట్ నాలుగు గంటలకల్లా ఇచ్చేయాలి. నాది ఇలా ఉంది: ‘ఏడో బల్ల. 9.10 నుంచి 11.50 వరకు మాటలు. బల్ల మీద చెయ్యి ఐదుసార్లు పడింది, రెండు నావి. టాలియా నా అభిప్రాయం తప్పని తొమ్మిదిసార్లు చెప్పింది, ప్రతిసారీ కారణంతో.’

సాయంత్రం ఈథన్ అది చదివి జేబులోంచి ఫోన్ తీశాడు. డయల్ చేయలేదు. టాలియాను పిలిపించి, మీ అమ్మకు ఏం చెప్పమంటావని అడిగాడు. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది, అంటే ఇక ఎక్కువ సమయం లేదు. ఆమె తన పసుపు కాగితాల కట్ట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

“రావద్దని చెప్పు. రమణ ఇంకా తప్పులోనే ఉన్నాడు. ఇలా వదిలేసి ఎలా వెళ్తాను?”

మిగిలిన రెండు వారాలూ నా తప్పు సరిదిద్దడంలో గడిచాయి. పూర్తి కాలేదు.

ఆఖరి గురువారం జంటల ప్రెజెంటేషన్ ఉంది. అది ఎలా నడుస్తుందో ముందు చెప్పాలి. ఒక్కొక్కరూ తన అభిప్రాయం చెప్పకూడదు, ఎదుటివారిది చెప్పాలి. చెప్పడం అయ్యాక జంటలోని రెండోవారు లేచి ‘అవును, నేనన్నది ఇదే’ అనాలి. ‘కాదు’ అంటే మళ్లీ చెప్పాలి. అవును అనిపించుకునేదాకా కిందికి దిగడం లేదు. ఇది పూర్తి చేసినవాళ్లకే ప్రోగ్రాం పూర్తయినట్టు.

ఇక్కడ నా ఉద్యోగం అడ్డం వచ్చింది. టాలియా నా లిస్టులో ఉన్న విద్యార్థి. ఆమె అభిప్రాయాన్ని నేను స్టేజి మీద చెబితే, ఆ మాటలు ఆమెవో నావో ఎవరికి తెలుసు, ఇది కాగితం మీద పెన్సిల్ ఆనించడమే అని డెబొరా అంది. జంటంటే జంటే అని ఈథన్ అన్నాడు. ఇద్దరూ స్టాఫ్ రూంలో ముప్పావుగంట వాదించుకున్నారు. నేనూ టాలియా గుమ్మం దగ్గర నిలబడి విన్నాం. “వీళ్లు మనకంటే బాగా చేస్తున్నారు” అని ఆమె గొణిగింది. చివరికి తేలిందేమిటంటే, నా అభిప్రాయం టాలియా చెప్పొచ్చు. నేను లేచి అవును, కాదు, ఈ రెండింటిలో ఒక మాట అనొచ్చు. మూడో మాట అనకూడదు. టాలియా అభిప్రాయం చెప్పేవాళ్లు ఉండరు, అది చెప్పకుండానే ఉండిపోతుంది. అది ఆమెకు నష్టమే. ఈథన్ ఆ మాట దాచకుండా ఆమెకే చెప్పాడు. ఆమె సరేనంది.

గురువారం హాలు నిండా పిల్లలు, దగ్గర ఊళ్లనుంచి వచ్చిన తల్లిదండ్రులు. ఒహాయో నుంచి టాలియా తల్లి కూడా వచ్చింది, ఈసారి తీసుకెళ్లడానికి కాదు, వినడానికి. టాలియా చేతిలో కాగితం లేకుండా వచ్చింది. కాగితం చదవాల్సివస్తే ఆలస్యమవుతుందని అంతా బుర్రలో పెట్టుకుంది. గోడ, చెట్టు, నిద్రపోతున్న పక్కింటాయన, అన్నీ వరసగా చెప్పింది. నేను చెప్పిన చెప్పుల ఉదాహరణ ఎందుకు చెల్లదో కూడా చెప్పింది, అదొక్కటే అక్కర్లేదు. జనం నవ్వారు. ఆఖరున ఇలా ముగించింది:

“నా జంట అనేది ఏమిటంటే, పోయిందని యజమానికి తెలియనంతవరకూ ఆ వస్తువు అతనిదే. ఎవరు తీసుకున్నా, ఎన్నేళ్లయినా, ఎప్పటికీ అతనిదే.”

హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. విన్నవాళ్లకు ఆ మాట బాగుంది. వెనక వరసలో నేను లేచి నిలబడ్డాను. టాలియా నా వైపు చూస్తోంది. ఆమె తల్లి కూడా తల తిప్పి చూస్తోంది. అవును అంటే పిల్ల నెగ్గి కిందికి దిగుతుంది. కానీ ఎప్పటికీ అని నేననలేదు. నేనన్నది తెలిసేదాకా అని. తెలిశాక ఆయన ఇష్టమని.

“కాదు” అన్నాను.

చప్పట్లు ఆగిపోయాయి. హాలు మొదటిరోజు నేను కంట్రోల్ చేసినప్పటంత నిశ్శబ్దమైంది. ఎవరో ఒకావిడ “అయ్యో” అన్నట్టు శబ్దం చేసింది. డెబొరా తన చెప్పుల వైపు చూసుకుంటోంది. నాకు ఇంకో మాట అనే హక్కు లేదు. ఎక్కడ తప్పిందో చెప్పకూడదు, చేత్తో సైగ చేయకూడదు. అలాగే నిలబడ్డాను.

టాలియా బెదరలేదు. చూపు పైకప్పు వైపు పెట్టి, పెదవులు కదుపుతూ తన మాటలు తనే మళ్లీ విని చూసుకుంది. అర నిమిషం పట్టి ఉంటుంది. తర్వాత, “ఓ. ఎప్పటికీ అనేది నాది. అతనిది కాదు” అంది.

మళ్లీ చెప్పింది. “అతనికి తెలిసేదాకా అతనిది. తెలిసిన తర్వాత ఆశ వదులుకోవాలా వద్దా అన్నది అతనే నిర్ణయించుకోవాలి. అతనికంటే ముందు, అతని బదులు, ఇంకెవరూ వదులుకోకూడదు.” ఆ వెంటనే, “ఇదీ తప్పే. కానీ అతను అన్నది ఇదే” అంది.

“అవును” అన్నాను.

కిందికి దిగి నా పక్క కుర్చీలో కూర్చుంది. “మొదటిసారే అవునంటావేమో అని భయపడ్డాను” అంది. అని, నీళ్ల బాటిల్ మూత తీసింది.

సెప్టెంబరులో మా మిడిల్ స్కూల్‌కి తిరిగి వెళ్లాక రబ్బరు స్టాంపు మళ్లీ మెడలో వేసుకోలేదు, బ్యాగులోంచి తీసి డ్రాయర్‌లో పెట్టేశాను. ఆ ఏడాది నా వార్షిక నివేదికలో ‘విద్యార్థులను ప్రోత్సహించుట’ అన్న వరసలో నాకు ఎప్పుడూ వచ్చేదానికంటే ఒక మెట్టు తక్కువ వేశారు. ప్రిన్సిపాల్ గదికి వెళ్లి దానిమీద వాదించాను. ముందు నా మాట తన నోటితో చెప్పమని ఆయన్ని కోరాను. చెప్పలేకపోయాడు. మెట్టు మాత్రం మార్చలేదు.

ఆ వేసవి నా పనిలో ఒక్క విషయం నేర్పింది. పిల్లలు చెప్పినదాన్ని సరే అనడానికి వినక్కర్లేదు. కాదు అనాలంటే మాత్రం ఆఖరి మాట దాకా వినాలి.